గ్రీవెన్స్ కమిటీనా, నేరుగా లేబర్ ఆఫీసా? 140 మంది యూనిట్‌లో ఏది ముందు?

బాలానగర్_టర్నర్
అందరికీ నమస్తే. ప్రైవేటు ఇంజినీరింగ్ యూనిట్. మస్టర్ రోల్ (హాజరు పట్టీ) మీద 140 మంది, అందులో ఆడవాళ్ళు 35. రిజిస్టరైన యూనియన్ ఉంది గానీ మేనేజ్‌మెంట్ గుర్తించలేదు. గొడవలు మూడు: ఓవర్‌టైము సింగిల్ రేటుకే కడుతున్నారు, నోటీసు లేకుండా షిఫ్టు టైములు మార్చారు, క్యాంటీన్ రేట్లు పెంచారు. మూడూ ఒకే కాగితం మీద రాసి లేబర్ ఆఫీసులో పడేద్దామని కొందరు, ముందు గ్రీవెన్స్ కమిటీ (ఫ్యాక్టరీలోనే ఫిర్యాదులు తేల్చే కమిటీ) అడగాలని కొందరు. 2025 నవంబరు 21 నుంచి కొత్త కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాక 1947 పారిశ్రామిక వివాదాల చట్టం నాటి పద్ధతిలో ఏం మారింది? సెక్షన్ నంబర్లతో చెప్తే మేలు.

పాత లేబరాఫీసు
మూడూ ఒకే కాగితం మీద రాయకండి. ఆఫీసులో ఎక్కువ అర్జీలు మూలపడేది అక్కడే. మూడింటికీ మూడు దారులు.

ఓవర్‌టైము: ఇది డబ్బు లెక్క. వేతన కోడ్ సెక్షన్ 14 ప్రకారం మామూలు రేటుకు రెండింతలకు తగ్గకూడదు. దీనికి కన్సిలియేషన్ (కార్మిక శాఖ అధికారి ముందు రాజీ ప్రయత్నం) అక్కర్లేదు. సెక్షన్ 45 కింద క్లెయిమ్ వినే అధికారి ఉంటారు, అర్జీ అక్కడ వేయాలి. గడువు 3 ఏళ్ళు. రావాల్సిన మొత్తం మీద పది రెట్ల దాకా పరిహారం వేసే అధికారం ఆయనకుంది. మూడు నెలల్లో తేల్చే ప్రయత్నం చేయాలని కోడ్‌లోనే రాసి ఉంది. అర్జీ కార్మికుడే వేయొచ్చు, యూనియన్ వేయొచ్చు, ఇన్‌స్పెక్టర్-కమ్-ఫెసిలిటేటర్ కూడా వేయొచ్చు.

షిఫ్టు: పారిశ్రామిక సంబంధాల కోడ్ సెక్షన్ 40. పాతవాళ్ళకు 1947 చట్టంలోని 9-ఏ అంటే వెంటనే అర్థమవుతుంది. పని గంటలు, విశ్రాంతి విరామాలు, షిఫ్టుల మార్పు మూడో షెడ్యూల్‌లో ఉన్నాయి. మార్చాలంటే కార్మికులకు 21 రోజుల ముందు నోటీసివ్వాలి. ఇవ్వకపోతే ఆ తప్పు ఒక్కటే గట్టి పాయింటు. అది అందరికీ సంబంధించినది కాబట్టి యూనియన్ పేరు మీద వివాదంగా వెళ్ళాలి.

క్యాంటీన్: వర్క్స్ కమిటీలో (యాజమాన్యం, కార్మికులు కలిసి మాట్లాడుకునే కమిటీ) తేల్చుకునే విషయం. అదే కోడ్ సెక్షన్ 3, 100 మంది లేదా అంతకు మించి ఉన్న చోట. కాకపోతే అది దానంతటదే ఏర్పడదు, ప్రభుత్వం ఉత్తర్వు ఇస్తే యాజమాన్యం వేయాలి. గ్రీవెన్స్ కమిటీ అలా కాదు. సెక్షన్ 4 ప్రకారం 20 మంది లేదా అంతకు మించి ఉంటే వేసి తీరాల్సిందే.

మస్టర్‌రోల్
గ్రీవెన్స్ కమిటీ లెక్క నేను వేస్తాను. ఇక్కడే అందరూ బోల్తా పడతారు.

మొత్తం 10 మందికి మించకూడదు. యాజమాన్యం వైపు ఎంతమందో కార్మికుల వైపూ అంతమందే. ఛైర్‌పర్సన్ పదవి ఏడాదికోసారి అటూ ఇటూ మారాలి. కమిటీలో ఆడవాళ్ళ వాటా మొత్తం కార్మికుల్లో వాళ్ళ వాటాకు తగ్గకూడదు. మీ దగ్గర 140లో 35, అంటే నాలుగో వంతు. 6 మంది కమిటీకి ఒకటిన్నర వస్తుంది, సగం మనిషి ఉండడు కాబట్టి 2. 8 మందికి సరిగ్గా 2. 10 మందికి రెండున్నర, అంటే 3.

ఇక ఓటింగు. తీర్మానం మెజారిటీ మీద నడుస్తుంది. దానికి తోడు కార్మిక ప్రతినిధుల్లో సగానికి మించి ఒప్పుకుని ఉండాలి. లేదంటే నిర్ణయమే జరగనట్టు లెక్క. 5+5 కమిటీలో యాజమాన్యం ఐదుగురూ, కార్మికుల్లో ఒకరూ చేతులెత్తితే 6 ఓట్లు వచ్చినా చెల్లదు, కార్మికుల వైపు నుంచి 3 కావాలి. 4+4 అయితే నలుగురిలో సగానికి మించి, అదీ ముగ్గురే. 3+3 అయితే ఇద్దరు చాలు. 140 మందికి నేనైతే 3+3 అంటాను. కార్మికుల వైపు ఇద్దరు ఒప్పుకుంటే ఆ షరతు తీరిపోతుంది.

సుజాత_హెచ్‌ఆర్
మేనేజ్‌మెంట్ వైపు నుంచి రెండు మాటలు. కమిటీ కాగితం మీద ఉండి పనిచేయకపోవడానికి కారణం చాలాసార్లు దురుద్దేశం కాదు, బద్ధకం. దరఖాస్తు నోటిమాటగా తీసుకుంటారు, తేదీ పడదు. 30 రోజుల్లో ముగించాలన్న గడువు ఏ రోజు మొదలైందో ఎవరికీ తెలియదు. ఇంకోటి, కార్మిక ప్రతినిధులుగా సూపర్‌వైజర్ చెప్పిన మాట వినే నలుగురిని హెచ్‌ఆరే రాసేస్తుంది. వాళ్ళ సంతకానికి షాప్ ఫ్లోర్ మీద విలువ ఉండదు, ఆఖరికి గొడవ లేబర్ ఆఫీసుకే చేరుతుంది. దీనివల్ల కంపెనీకీ నష్టమే.

రిజిస్టరు పట్టిక ఇలా పెట్టుకోండి: వరుస సంఖ్య, దరఖాస్తు అందిన తేదీ, పేరు, టోకెన్ నంబరు, విషయం ఒక్క వాక్యంలో, మొదటి సమావేశం తేదీ, నిర్ణయం, కార్మిక ప్రతినిధుల్లో ఎవరు ఒప్పుకున్నారు ఎవరు కాదన్నారు, నిర్ణయం దరఖాస్తుదారుకి అందిన తేదీ, అతని సంతకం. చివరి రెండు గళ్ళూ ఖాళీగా వదిలేసేవాళ్ళే ఎక్కువ. తర్వాత 60 రోజుల లెక్క మొదలయ్యేది సరిగ్గా అక్కడి నుంచే.

బాలానగర్_టర్నర్
60 రోజులు దేనికి మేడమ్?

వరంగల్ వకీలు
నేను చెప్తాను. కమిటీ నిర్ణయం నచ్చకపోయినా, 30 రోజుల్లో తేల్చకపోయినా, నిర్ణయం అందిన రోజు నుంచి లేదా గడువు ముగిసిన రోజు నుంచి 60 రోజుల్లో కన్సిలియేషన్ అధికారికి అర్జీ పెట్టుకోవచ్చు. తాను సభ్యుడిగా ఉన్న యూనియన్ ద్వారా పెట్టాలని కోడ్‌లో ఉంది. అందుకే సభ్యత్వ రసీదు పుస్తకం సరిగ్గా ఉంచుకోమని యూనియన్ వాళ్ళకు చెప్పండి. గొడవ వచ్చాక రాసిన రసీదుకి అవతలి పక్షం మొదటి వాయిదాలోనే అభ్యంతరం చెప్తుంది. కమిటీకి మొదట దరఖాస్తు పెట్టడానికి మాత్రం, సమస్య పుట్టిన రోజు నుంచి ఏడాది గడువుంది.

ఉద్యోగం తీసేస్తే దారి వేరు. అది నేరుగా పారిశ్రామిక వివాదమే, కమిటీ దాటుకుని రావాల్సిన పని లేదు. కన్సిలియేషన్ అధికారికి అర్జీ ఇచ్చి 45 రోజులు గడిస్తే, అక్కడ తేలకపోయినా, కార్మికుడు తనంతట తానే ట్రిబ్యునల్‌కు వెళ్ళొచ్చు. తీసేసిన రోజు నుంచి 2 ఏళ్ళలోపు వెళ్ళాలి. పాత చట్టంలో ఇది 3 ఏళ్ళు ఉండేది. ఆ ధీమాతో ఆగితే ఇప్పుడు కేసు పోతుంది. కొత్త ట్రిబ్యునళ్ళు కుదురుకునేదాకా పాత లేబర్ కోర్టులు, ట్రిబ్యునళ్ళే వింటాయి.

మస్టర్‌రోల్
> అర్జీ ఇచ్చి 45 రోజులు గడిస్తే

అంటే షిఫ్టు వివాదానికైనా, సమ్మె నోటీసుకైనా కన్సిలియేషన్ 45 రోజులే కదా?

వరంగల్ వకీలు
కాదు. మామూలు వివాదానికి 45 రోజులు. సెక్షన్ 62 కింద సమ్మె నోటీసు వస్తే అధికారి 14 రోజుల్లో ముగించాలి. ఈ తేడా పట్టుకోవాలి.

ఇంకో ముఖ్యమైన మార్పు. పాత చట్టంలో రాజీ కుదరకపోతే అధికారి ఫెయిల్యూర్ రిపోర్టు ప్రభుత్వానికి పంపేవారు, రిఫర్ చేయాలా వద్దా అన్నది ప్రభుత్వం చేతిలో ఉండేది. ఆ ఫైలు మీద ఎన్ని కేసులు ముసలివైపోయాయో లెక్కలేదు. కొత్త కోడ్‌లో ఆ రిఫరెన్సు మెట్టు లేదు. రిపోర్టు అందిన 90 రోజుల్లో ఏ పక్షమైనా సెక్షన్ 53 కింద నేరుగా ట్రిబ్యునల్‌లో అర్జీ వేయొచ్చు. కాకపోతే వివాదం పుట్టి రెండేళ్ళు దాటితే కన్సిలియేషన్ అధికారి ముట్టుకోలేరు.

పాత లేబరాఫీసు
వకీలు గారు చెప్పినదానికి ఇంకోటి కలుపుతాను. కన్సిలియేషన్ అధికారి జడ్జి కాదు. "మీరు డబుల్ రేటు కట్టండి" అని ఆర్డర్ వేయలేరు. పిలవగలరు, రాకపోతే రప్పించగలరు, రికార్డులు అడిగి చూడగలరు. నోటీసిచ్చి ఫ్యాక్టరీలోకి వెళ్ళి చూసే అధికారమూ ఉంది. ఆ పైన జరిగేది ఇద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి మాట్లాడించడమే. "సారు గట్టిగా చెప్పాడు కానీ వాళ్ళు వినలేదు" అని కార్మికులు నిరాశ పడేది ఇది తెలియకే. ఆయన చేతిలో ఉన్న అసలు ఆయుధం మినిట్స్, అంటే వాయిదాలో జరిగినదాని రాత. ఏ వాయిదాలో యాజమాన్యం ఏం ఒప్పుకుంది, ఏ రిజిస్టరు తెస్తానని తేలేదు, అన్నీ అందులో పడాలి. రేపు ట్రిబ్యునల్ ముందు అవే మాట్లాడతాయి.

ప్రతి వాయిదా చివర మీరే అడగండి: "సార్, మేం చెప్పినది రాశారా, ఒకసారి చదివి వినిపిస్తారా?" ఆ తర్వాతే సంతకం. సంతకం పక్కన తేదీ మీ చేత్తోనే వేయండి. తప్పు రాశారనిపిస్తే కొట్టేయమని గొడవ పడకండి. కింద "మా వాదన ఇది" అని ఒక వాక్యం చేర్చి సంతకం పెట్టండి చాలు.

వకీలుని వెంటబెట్టుకుపోదామంటే కన్సిలియేషన్‌లో కుదరదు. పాత చట్టంలో సెక్షన్ 36(3), కొత్త దాంట్లోనూ అదే నిషేధం. యూనియన్ ఆఫీస్ బేరర్ వెళ్ళాలి. లేబర్ కోర్టులో అయితే అవతలి పక్షం ఒప్పుకుని, కోర్టు అనుమతిస్తేనే వకీలు.

సుజాత_హెచ్‌ఆర్
కన్సిలియేషన్ నడుస్తుండగా మేనేజ్‌మెంట్ చేసే పెద్ద తప్పు ఒకటుంది. వివాదంలో ఉన్న షరతునే మధ్యలో మార్చేస్తారు, లేదా ముందు నిలబడ్డ మనిషికి ఛార్జ్‌షీట్ ఇస్తారు. పాత సెక్షన్ 33, కొత్త 90. వివాదంతో సంబంధమున్న తప్పు మీద తీసేయాలంటే ముందుగా రాతపూర్వక అనుమతి కావాలి. సంబంధం లేని తప్పైతే నెల జీతం కట్టి, ఆమోదం కోసం అర్జీ వేయాలి. రక్షిత కార్మికులుగా (వివాదం నడుస్తుండగా ముందస్తు అనుమతి లేకుండా తీసేయకూడనివాళ్ళు) యూనియన్ పేర్లిస్తుంది: మొత్తంలో 1 శాతం, కనీసం 5, గరిష్ఠం 100. మీ యూనిట్‌కి 1 శాతం అంటే ఒకటిన్నర కూడా రాదు, అయినా 5 పేర్లు ఇవ్వొచ్చు. ఆ ఉత్తరం ఇచ్చి అక్నాలెడ్జ్‌మెంట్ తీసుకోని యూనియన్లు చాలా ఉన్నాయి.

వరంగల్ వకీలు
మేడమ్ చెప్పిన రక్షణ ఎప్పట్నుంచి మొదలవుతుందన్నది చూడండి. పాత చట్టంలో పబ్లిక్ యుటిలిటీ సేవల్లో సమ్మె నోటీసు అధికారికి అందిన రోజే కన్సిలియేషన్ మొదలైనట్టు. కొత్త కోడ్ సెక్షన్ 54లో, నోటీసు వచ్చాక అధికారి పెట్టిన మొదటి సమావేశం రోజున మొదలవుతుంది. కాబట్టి నోటీసుకీ, మొదటి వాయిదాకీ మధ్య రోజుల్లో ఏం జరిగినా సెక్షన్ 90 వర్తించదని అవతలివాళ్ళు వాదిస్తారు. మొదటి వాయిదా త్వరగా వేయించుకోవడం యూనియన్‌కి ఎంత ముఖ్యమో దీంతో తెలుస్తుంది.

సమ్మె గురించి ఒక్క మాట. ఇప్పుడు 14 రోజుల నోటీసు అన్ని పరిశ్రమలకూ తప్పనిసరి, ఒకప్పటిలా పబ్లిక్ యుటిలిటీలకే కాదు. నోటీసు 60 రోజులే పనిచేస్తుంది. కన్సిలియేషన్ నడుస్తుండగా, అది ముగిసిన 7 రోజుల దాకా సమ్మె కుదరదు. సగం మంది లేదా అంతకు మించి ఒకే రోజు క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. 140లో 70 మంది. చట్టవిరుద్ధ సమ్మె అయితే కార్మికుడికి 1,000 నుంచి 10,000 రూపాయల జరిమానా లేదా నెల దాకా జైలు, లేదా రెండూ. చట్టవిరుద్ధ లాకౌట్‌కి యజమానికి 50,000 నుంచి లక్ష దాకా జరిమానా, జైలు విషయంలో అంతే.

గోదావరిఖని_మూడోషిఫ్టు
బాలానగర్ తమ్ముడూ, యూనియన్‌కి గుర్తింపు లేదన్నావు. అసలు సమస్య అదే. మాట్లాడే హక్కు ఎవరిదో తేలకపోతే మినిట్స్‌లో ఎవరి సంతకం ఉన్నా గొడవే.

సింగరేణిలో దీనికి దారి 1998లో దొరికింది. గుర్తింపు సంఘం కోసం రహస్య బ్యాలెట్, ఎన్నిక నడిపేది కేంద్ర కార్మిక శాఖ అధికారులు. దీని వెనక 1958 నాటి క్రమశిక్షణ నియమావళి ఉంది, అది చట్టం కాదు, ఇరుపక్షాలూ ఒప్పుకున్న మాట. ఎక్కువ ఓట్లొచ్చిన సంఘానికి కంపెనీ స్థాయిలో గుర్తింపు, ఏరియాలో ముందున్న సంఘానికి ఆ ఏరియాలో ప్రాతినిధ్య హోదా. 2023 డిసెంబరు 27న జరిగిన ఎన్నికల్లో ఏఐటీయూసీ గుర్తింపు సంఘమైంది.

పారిశ్రామిక సంబంధాల కోడ్ సెక్షన్ 14 లెక్క వేరు. మస్టర్ రోల్ మీదున్న కార్మికుల్లో 51 శాతం మద్దతుంటేనే ఏకైక చర్చల సంఘం. ఓటు వేసినవాళ్ళలో 51 కాదు, మొత్తం మందిలో. ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి తగ్గకుండా మద్దతున్న సంఘాలతో చర్చల మండలి, ప్రతి 20 శాతానికీ ఒక ప్రతినిధి.

మస్టర్‌రోల్
140కి: 51 శాతం అంటే 71.4, కాబట్టి 72 మంది. చర్చల మండలిలో ఒక సీటుకి 28. యూనియన్ రిజిస్ట్రేషన్ నిలవాలంటే 10 శాతం లేదా 100 మంది, ఏది తక్కువైతే అది, ఎంతైనా 7కి తగ్గకూడదు. మీకు 14 మంది. మీది ఒక్కటే సంఘమైతే నిబంధనల్లోని అర్హతలకు లోబడి ఏకైక సంఘంగా గుర్తించాలి, 51 పోటీ అక్కర్లేదు.

గోదావరిఖని అన్న చెప్పిన తేడా చిన్నది కాదు. 120 మందే ఓటేసి అందులో 65 వచ్చినా సింగరేణి పద్ధతిలో గెలుపే. కోడ్ పద్ధతిలో 72 రాలేదు కాబట్టి ఓటమి.

గాజువాక_కాంట్రాక్ట్
కాంట్రాక్ట్ వాళ్ళం లేబర్ ఆఫీసుకెళ్తే "ఇది మా పరిధి కాదు" అని తిప్పి పంపుతున్నారు. ఎక్కడికెళ్ళాలి?

పాత లేబరాఫీసు
పరిధి తేల్చుకోకుండా వెళ్తే నెల వృథా. ప్రైవేటు ఫ్యాక్టరీ, షాపు, హోటల్, ఆసుపత్రి: రాష్ట్ర కార్మిక శాఖ. మీ ఏరియా సహాయ లేబర్ ఆఫీసరు, ఆయన పైన అసిస్టెంట్ కమిషనర్. రైల్వే, బ్యాంకు, బీమా, గని, పెద్ద ఓడరేవు, కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ అయితే కేంద్ర శాఖ, రీజినల్ లేబర్ కమిషనర్ ఆఫీసు. ఉక్కు కర్మాగారం లాంటి కేంద్ర సంస్థలో కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్ళకూ కేంద్ర శాఖే. సమాధాన్ పోర్టల్‌లో ఆన్‌లైన్‌గా వివాదం నమోదు చేయొచ్చు.

కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే అసలు సంస్థ కట్టాలి, కాంట్రాక్టర్ బిల్లులోంచి కోసుకోవాలి. అర్జీలో ఇద్దర్నీ ప్రతివాదులుగా పెట్టండి. కాంట్రాక్టర్ ఒక్కడి పేరే రాస్తే, టెండరు ముగిసిన రోజు అతనూ ఉండడు, అడ్రసూ ఉండదు. గేట్ పాసు, ఈఎస్ఐ నంబరు, పీఎఫ్ నంబరు జిరాక్సులు జతచేయండి. అసలు సంస్థ ఆవరణలో పనిచేశారనడానికి గేట్ పాసును మించిన రుజువు లేదు.

సుజాత_హెచ్‌ఆర్
సాఫ్ట్‌వేర్ వాళ్ళు కూడా ఈ చర్చ చదువుతుంటారు కాబట్టి: "రిజైన్ చెయ్, లేకపోతే టెర్మినేట్ చేస్తాం" అని కూర్చోబెడితే, మెయిల్ పెట్టిన క్షణం నుంచి కంపెనీ దాన్ని స్వచ్ఛంద రాజీనామా అనే అంటుంది. అదే రోజు "ఒత్తిడి మీద పెట్టాను, ఉపసంహరించుకుంటున్నాను" అని హెచ్‌ఆర్‌కి మెయిల్, దాని కాపీ సొంత ఐడీకి. పది రోజుల తర్వాత పెడితే నిలవడం కష్టం. కార్మికుడా కాదా అన్నది హోదా పేరుతో తేలదు, చేసే పనితో తేలుతుంది. సూపర్‌వైజరీ పనిచేస్తూ నెలకు 18,000 దాటితే కార్మికుడి నిర్వచనంలోకి రారు.

రిజైన్ చేసినా, తీసేసినా చివరి జీతం రెండు పని దినాల్లో ఇవ్వాలి. "45 రోజుల ఫుల్ అండ్ ఫైనల్" అని పాలసీలో రాసుకున్నా చట్టం ముందు అది నిలబడదు.

వరంగల్ వకీలు
రిట్రెంచ్‌మెంట్ (మనుషులు ఎక్కువయ్యారని తీసేయడం) లెక్క కూడా ఒకటి పెట్టండి, తికమక దానిమీదే ఎక్కువ.

మస్టర్‌రోల్
రోజుకి 700 కూలీ, 6 ఏళ్ళ సర్వీసు అనుకుందాం.
పరిహారం: ఏడాదికి 15 రోజుల సగటు జీతం, 15 × 700 × 6 = 63,000.
గ్రాట్యుటీ దీనికి వేరు: అదీ 15 × 700 × 6 = 63,000.
రీస్కిల్లింగ్ ఫండ్: 15 రోజుల కూలీ, 10,500. ఇది యజమాని ఫండ్‌లో జమచేయాలి, తీసేసిన 45 రోజుల్లో కార్మికుడి ఖాతాలో పడాలి.
మొత్తం 1,36,500. నెల నోటీసు ఇవ్వకపోతే ఆ నెల జీతం అదనం.
"గ్రాట్యుటీ ఇచ్చాం కదా, పరిహారం అందులోనే ఉంది" అని ఒకే చెక్కు రాసేవాళ్ళున్నారు. రెండూ ఒకటి కాదు.

బాలానగర్_టర్నర్
అందరికీ చాలా థాంక్స్. ఆఖరి ప్రశ్న. షిఫ్టు విషయంలో రాజీ కుదిరితే ఫ్యాక్టరీలోనే రాసుకుంటే సరిపోతుందా? మేనేజ్‌మెంట్ అదే అంటోంది, ఆఫీసు చుట్టూ తిరగడమెందుకని.

పాత లేబరాఫీసు
సరిపోదు. పాత చట్టంలో 12(3), 18(1) అని రెండు మాటలు ప్రతి యూనియన్ ఆఫీసులోనూ వినబడేవి, తేడా అదే. కన్సిలియేషన్ అధికారి ముందు చేసుకున్నది 12(3): సభ్యులు కానివాళ్ళకూ, రేపు చేరబోయేవాళ్ళకూ వర్తిస్తుంది. బయట ఇద్దరూ చేసుకున్నది 18(1): సంతకం పెట్టినవాళ్ళకే. కోడ్‌లో సెక్షన్ నంబర్లు మారాయి గానీ తేడా అలాగే ఉంది. షిఫ్టు అందరిదీ కాబట్టి అధికారి ముందే కుదుర్చుకోండి.

ఒప్పందంలో కాలపరిమితి రాయకపోతే ఆరు నెలలే. ఆ తర్వాత కూడా రద్దు నోటీసు ఇచ్చిన 60 రోజుల దాకా నడుస్తుంది గానీ, దానిమీద ఆధారపడకండి. మూడేళ్ళని స్పష్టంగా రాయించండి. "షిఫ్టు టైములు పరస్పర అంగీకారంతో మార్చవచ్చు" అన్న వాక్యం ముసాయిదాలో పెడితే తీసేయించండి, దాంతో 21 రోజుల నోటీసుకి గండి పడుతుంది. ఏ షిఫ్టు ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ముగుస్తుందో అంకెల్లో, అక్షరాల్లో రెండు విధాలా రాయించండి.

బాలానగర్_టర్నర్
సరే సార్. గ్రీవెన్స్ కమిటీ కోసం ఉత్తరం రేపే ఇస్తున్నాం. 3+3, మావైపు ఒకరు, వాళ్ళవైపు ఒకరు ఆడవాళ్ళు.

సుజాత_హెచ్‌ఆర్
రెండు కాపీలు తీసుకెళ్ళండి. ఒకదాని మీద ఇన్‌వర్డ్ స్టాంపు, నంబరు, తేదీ వేయించుకోండి. తీసుకోబోమని అంటే స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువుతో పంపండి.